చక్కెర జబ్బు: వంశమా, కంచమా?



కిందటి ఏడు వినాయకచవితి దాటిన తరువాత కోవెలకుంట్ల వైపు ఒక వూళ్ళో శనగ విత్తనశుద్ధిని గురించి సమావేశం పెట్టుకున్నాము. చెప్పవలసినది చెప్పి, విత్తనానికి మందు ఎట్లా పట్టించాలో చేసి చూపించి, వేపచెట్టు కట్టమీద కూర్చున్నాము. ఒకాయన అందరికీ టీ తెప్పించాడు. పక్కనున్న పెద్దాయన గ్లాసు అందుకున్నాడు గాని, అంతకుముందే తనకు షుగరు వున్నదని చెప్పివున్నాడు. “మరి చక్కెర టీ తాగవచ్చునా పెద్దాయనా?” అంటే ఆయన చెప్పిన జవాబు ఇది: “మా నాయనకుండె, మా జేజికుండె, నాకూ వచ్చె. నా కొడుక్కీ వస్తాది. నెత్తురులో వుండేదానికి టీ మానుకుంటే ఏం ఒరుగుతాది సారూ?” దానిమీద ఒక కుర్రవాడు నవ్వి, “మా వంశంలో ఎవురికీ లేదు. నాకేంటికి వస్తాది? నాకు ఇంకో చెంచా ఎయ్యండి” అన్నాడు.

నేను డాక్టరును కాను, వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. జొన్నకు కాటుక తెగులు ఎందుకు వస్తుందో అడిగితే చెప్పగలను. అయినా ఆ ఇద్దరి మాటలూ ఆ రాత్రి నన్ను వదలలేదు. దానికి కారణం మా ఇంట్లోనే వున్నది, అది తరువాత చెప్తాను. తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు చదివి, ఈ జబ్బు కథను మన కర్నూలు, కడప జిల్లాల కథతో కలిపి ఇక్కడ మీ ముందు పెడుతున్నాను. కర్నూలు అన్నప్పుడు 2022లో వేరుపడిన నంద్యాల జిల్లాను కూడా కలుపుకొని చదువుకోండి.

ఈ తగువు కొత్తది కాదు. సుశ్రుతసంహితలోనే ప్రమేహాన్ని రెండు రకాలుగా విభజించారు. ఒకటి సహజం, అంటే తల్లిదండ్రుల బీజదోషం వల్ల పుట్టుకతో వచ్చేది. రెండోది అపథ్యం వల్ల, అంటే తినకూడనిది తినడం వల్ల వచ్చేది. మొదటి రకం మనిషి సన్నగా వుంటాడని, రెండో రకం మనిషి లావుగా, కదలకుండా కూర్చునేవాడుగా వుంటాడని వ్రాశారు. చరకుడు రోగి మూత్రానికి చీమలు పట్టడాన్ని కూడా గమనించాడు. వంశం, తిండి అనే రెండు దోవలనూ మన పెద్దలు అంతకాలం క్రిందటే చూచారన్నమాట. ఈ రెండూ ఒక మనిషిలో కలిస్తే ఏమవుతుందన్నది మాత్రం మన కాలంలోనే తేలుతూ వస్తున్నది.

ఇక మన సీమ సంగతికి వద్దాము. మన తాతల కంచంలో వరి అన్నం పండుగనాటి మాట. జొన్నరొట్టె, జొన్నసంగటి, కొర్రన్నం, సజ్జరొట్టె, ఆరికలు, వీటితోనే సంవత్సరం గడిచేది. జొన్నకూటిని శ్రీనాథుడంతటివాడు ఎగతాళి చేశాడని చాటువులు చెప్తాయి. పాపం, ఆయనకు రాజాస్థానాలలో సన్నన్నం అలవాటు! తీపి అంటే బెల్లం. అదీ ఓళిగలు చేసినప్పుడో, బిడ్డ పుట్టినప్పుడో. రోజూ తీపి తినడానికి ఇంట్లో వుంటే గదా?

తీపి మాట అటుంచి, కూడే లేని ఏళ్ళు ఎన్ని వచ్చినవో! అన్నిటికన్న పెద్దది 1876-78 నాటి కరువు, మన పెద్దలు చెప్పే ధాత కరువు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు దాని వాత పడినవి. కరువు పనులలో రాళ్ళు కొట్టే మనిషికి ఇచ్చే కూలిని 1877లో రిచర్డ్ టెంపుల్ దొర రోజుకు ఒక పౌను ధాన్యానికీ, చేతిలో పెట్టే కొద్దిపాటి డబ్బుకూ దించాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. అది మనిషిని బ్రతికించదని మద్రాసు సానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. 1871 జనాభా లెక్కలకు, 1881 లెక్కలకు మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. తరువాత కూడా కరువు మనలను విడిచిపెట్టలేదు. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టవలసి వచ్చింది. ఆ గంజి తాగిన వృద్ధులు కొందరు ఈనాటికీ వున్నారు.

కరువుకూ షుగరుకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. 1962లో జేమ్స్ నీల్ అనే అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు ఇదే ప్రశ్న వేసుకున్నాడు. మనుషులు వేల ఏళ్ళు తిండి దొరికీ దొరకక బ్రతికారు. దొరికిన నాడు తిన్నదాన్ని పొదుపుగా కొవ్వుగా దాచుకోగల శరీరం కరువులో నిలిచింది. దాచుకోలేనిది పోయింది. అటువంటి పొదుపరి శరీరానికి రోజూ పండుగ భోజనం పెడితే, ఆ పొదుపే దానికి జబ్బు అవుతుందని ఆయన వూహ. ఈ వూహను ఒప్పుకోనివారు చాలామంది వున్నారు. కరువు ఒక్కటే జన్యువులను అంతగా ఏరగలదా అని వారి ఆక్షేపణ. 1992లో ఇంగ్లండు వైద్యులు హేల్స్, బార్కర్ మరొక మాట చెప్పారు. పొదుపు గుణం తాతముత్తాతల నుంచి రానక్కరలేదు, తల్లి కడుపులో వుండగానే పట్టుబడుతుందని వారి వాదం. తల్లికి తిండి చాలకపోతే కడుపులోని బిడ్డ కరువు లోకానికి సిద్ధపడి పుడుతుంది. పుట్టినది మాత్రం చక్కెర లోకం అయితే ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. ఉక్రెయిన్‌లో 1932-33లో ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువు ముమ్మరంగా వున్నప్పుడు తల్లి కడుపులో తొలినెలల్లో వున్నవారికి, పెద్దయిన తరువాత ఈ జబ్బు రెట్టింపుకు మించి వచ్చిందని 2024లో ప్రకటించారు. చదువుతుంటే నాకు మన గంజి కేంద్రాల ముందు చెంబు పట్టుకొని నిలబడిన గర్భిణీ స్త్రీలే కళ్ళముందు ఆడారు.

వంశం వేరు, కంచం వేరు అని తేల్చి చూపిన కథ మరొకటి వున్నది. అది కూడా రైతుల కథే, నీళ్ళ కథే. అమెరికాలో ఆరిజోనా అనే ఎడారి ప్రాంతంలో గిలా నది వొడ్డున పీమాలు అనే జాతివారు కాలవలు త్రవ్వుకొని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకునేవారు. మనకు ధాత కరువు వచ్చిన ఆ దశాబ్దంలోనే, తెల్లవారు నదికి ఎగువన చేరి నీళ్ళు మళ్ళించుకున్నారు. దిగువన పీమాల పొలాలు ఎండినవి. ఎగువవాడు నీళ్ళు బిగబడితే దిగువవాడి గతి ఏమిటో తుంగభద్ర చివరి భూముల రైతుకు నేను చెప్పనక్కరలేదు. పంట పోయినవారికి సర్కారు తెల్లపిండి, చక్కెర, కొవ్వు పంచింది. 1940 ప్రాంతంలో జోస్లిన్ అనే వైద్యుడు చూచినప్పుడు వారిలో ఈ జబ్బు ఇతరులకంటె ఎక్కువగా లేదు. 1971 నాటికి 35 ఏళ్ళు దాటినవారిలో ఇంచుమించు సగం మందికి వున్నట్టు తేలింది. ముప్పై ఏళ్ళలో ఒక జాతి జన్యువులు మారిపోవు గదా! అదే పీమా జాతివారు మెక్సికో కొండలలో కూడా కొందరున్నారు. వారు ఇంకా చేతులతో సేద్యం చేసుకుంటూ, మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్ళు తింటూ వచ్చారు. 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఆరిజోనా పీమాలలో నూటికి 38 మందికి, మెక్సికో పీమాలలో నూటికి 7 మందికి లోపు ఈ జబ్బు వున్నది. రెండు చోట్లా నెత్తురు ఒకటే.

మన తెలుగువాళ్ళకూ ఇటువంటి పరీక్ష ఒకటి జరిగింది, ఎవ్వరూ పెట్టాలని పెట్టినది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకొని దక్షిణాఫ్రికాలో నేటాలు రేవు చేరింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఓడలు వెళ్ళినవి. వాటిలో తెలుగు కుటుంబాలు ఎన్నో. అంతకుముందు నుంచే మారిషస్‌కు వలస సాగుతూవుండేది. రెండుచోట్లా పని ఒకటే: చెరకు తోటలు. చక్కెర పండించడానికి వెళ్ళినవారి మనుమలు ఆ చక్కెరనే తినడం నేర్చుకున్నారు. క్యాంప్‌బెల్ అనే డర్బన్ వైద్యుడు అక్కడి భారతీయులు, జూలూలలో షుగరు పెరగడం చూచి, శుద్ధిచేసిన చక్కెరే కారణమని వాదించాడు. 1966లో క్లీవ్‌తో కలిసి ఆ విషయంమీద పుస్తకమే వెలువరించాడు. అదంతా చక్కెర నేరమేనని ఈనాడు ఎవరూ అనరు, తిండి మొత్తం, కాయకష్టం తగ్గడం కూడా లెక్కలోకి వస్తాయి. అయితే 1987లో మారిషస్‌లో జరిగిన సర్వేలో ఒక వింత బయటపడింది. హిందువులు, ముస్లిములు, ఆఫ్రికా సంతతి క్రియోల్‌లు, చైనావారు, అందరిలోనూ జబ్బు నూటికి పదికి మించి వున్నది. “ఇది మన భారతీయుల నెత్తురు జబ్బు” అనుకునేవారు ఈ లెక్కను తీరికగా చూడాలి.

సముద్రాలు దాటకుండా మన వూళ్ళోనే కంచం ఎట్లా మారిందో చూద్దాము. సుంకేసుల ఆనకట్ట దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా సుమారు 190 మైళ్ళు పోయే కె.సి. కాలవను ఒక ఇంగ్లీషు కంపెనీ 1863లో మొదలుపెట్టింది. రేగడి భూమిలో జొన్న పండించే రైతు కాలవ నీళ్ళు అంత తొందరగా అడగలేదు. కంపెనీ నష్టపోయి, 1882లో సర్కారు కొన్నది. మన తాతలు మొండివాళ్ళని దొరలు వ్రాసుకున్నారు గాని, రేగడికి నీళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో తాతలకు తెలుసు. వరి మెల్లగా వచ్చింది, వచ్చిన తరువాత పోలేదు. కాలవ లేని మెట్ట ఊళ్ళకు వరి 1983లో వచ్చింది. పొలంలోకి కాదు, కిలో 2 రూపాయల బియ్యంగా కంట్రోలు దుకాణంలోకి. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కడుపు మాడినవాడి ఇంట అన్నం వుడికింది, అది చిన్న సంగతి కాదు. కాని ఆ పొయ్యిమీద నుంచి కొర్ర, ఆరిక దిగిపోయినవి. దంచే శ్రమ లేని తెల్లబియ్యం వుండగా, కొర్రలు దంచమని ఏ ఇల్లాలితో చెప్పగలము?

చక్కెరది వేరే దోవ. 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన మొదలైంది. బార్బర్, వెంకటరామన్ అనేవారు లావు చెరకును ఏటివొడ్డు రెల్లుగడ్డితో సంకరం చేసి 1918లో కో. 205 అనే రకాన్ని ఇచ్చారు. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టం రావడంతో దేశంలో మిల్లులు లేచినవి. జన్యుశాస్త్రం చెరకులో తీపి పెంచింది, మన జన్యువులు మాత్రం పాతవే మిగిలినవి! యుద్ధకాలంలో కంట్రోలులో కొలిచి ఇచ్చిన చక్కెర ఈనాడు ప్రతి బంకులో గ్లాసుకు రెండు చెంచాలు. ఎండాకాలం నన్నారి షర్బత్తు సరే, దానిలో పోసే పాకం ఎంత? సీసాలో వచ్చే రంగునీళ్ళ సంగతి సరేసరి.

1972-75 మధ్య భారత వైద్య పరిశోధనా మండలి సర్వేలో పట్టణాలలో నూటికి 2.1, పల్లెలలో 1.5 మందికి ఈ జబ్బు కనబడింది. అదే మండలి 2023లో ప్రకటించిన సర్వేలో దేశం మొత్తంమీద 11.4, పట్టణాలలో 16.4, పల్లెలలో 8.9. పరీక్ష చేసే పద్ధతులు మారినవి కాబట్టి రెండింటినీ తూకం వేసినట్టు పోల్చకూడదు. అయినా పల్లెటూరివారికి రాని జబ్బు అనే మాట ఇక చెల్లదు.

ఇప్పుడు వంశం సంగతి. తిన్నది చక్కెరగా మారి నెత్తురులో చేరుతుంది. దాన్ని కండలలోకి పంపే తాళంచెవి ఇన్సులిన్. దాన్ని తయారుచేసేది కడుపులో వుండే క్లోమం. క్లోమం అలసినా, తాళాలు తుప్పుపట్టినా చక్కెర నెత్తురులోనే నిలిచిపోతుంది. పిల్లలలో ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయే మరొక రకం వున్నది. దానికి చక్కెర తినడంతో నిమిత్తం లేదు, ఇన్సులిన్ సూది తప్పదు. నేను చెప్తున్నది పెద్దవారికి వచ్చే రకం. దీనికి ఒక్క జన్యువు అంటూ లేదు. 2024 నాటికి ఆరువందలకు పైగా చోట్లు గుర్తించారు, ఒక్కొక్కటి చేసేది కొంచెమే. వాటిలో బలమైనది 2006లో ఐస్‌లాండ్‌లో బయటపడింది, పేరు టి.సి.ఎఫ్.7.ఎల్.2. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు గిరిరాజ్ చాందక్, తన సహచరులతో కలిసి, అది భారతీయులలోనూ పనిచేస్తున్నదని 2007లో చూపించాడు. అంత బలమైనదీ ఒక పాలు వుంటే ప్రమాదాన్ని సుమారు ఒకటిన్నర రెట్లకు లోపే పెంచుతుంది. తల్లిదండ్రులలో ఒకరికి వుంటే బిడ్డకు జీవితకాలంలో నూటికి 40, ఇద్దరికీ వుంటే 70 వంతుల దాకా అవకాశమని వైద్యులు చెప్తారు. ఒక్కమాట గుర్తుంచుకోండి: తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది నెత్తురు ఒక్కటే కాదు, అదే వంటిల్లు, అదే టీ గ్లాసు కూడా వస్తాయి.

సన్నగా వున్నవారు మాకేమని అనుకోవద్దు. పూనాలో డాక్టర్ యాజ్ఞిక్ 2004లో ఒక ఫోటో ప్రకటించాడు. తాను, ఇంగ్లండు మిత్రుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడివున్నారు. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరూ సమానం, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో నూటికి 9, యాజ్ఞిక్‌లో 21. మన చర్మం క్రింద కనబడని కొవ్వు అటువంటిది.

వంశమూ కంచమూ ఎట్లా కలుస్తాయో రైతుకు చెప్పడం తేలిక. 1966లో ఐ.ఆర్. 8 అనే పొట్టి వరి వచ్చింది. అంతకుముందు మన మళ్ళలో వుండినవి నిలువెత్తు రకాలు. వాటికి యూరియా దండిగా వేస్తే ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు పడిపోయేవి. అంతే యూరియాకు పొట్టి రకం నిలబడి కాసింది. యూరియా వేయని మడిలో నిలువెత్తు రకమూ నిలబడింది. పైరు పడిపోయిన నేరం విత్తనానిదా, యూరియాదా? 2012లో అమెరికాలో వేలమందిని చూచి ఇదే లెక్క తేల్చారు. లావెక్కే జన్యువులు సమానంగా వున్నవారిలోనే, తీపి పానీయం నెలకు ఒకటికి లోపు తాగేవారికంటె రోజూ తాగేవారిలో ఆ జన్యువుల బలం ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లుగా కనబడింది. లావు వచ్చిన వెనుక షుగరు వస్తుంది. తీపిలో సగం భాగమైన ఫ్రక్టోజు ఎక్కువైతే, కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి తనలోనే నింపుకుంటుంది. తాళాలు తుప్పుపట్టడం అక్కడినుంచే.

కొత్తగా వచ్చిన మరొక రుజువు. ఇంగ్లండులో యుద్ధకాలపు చక్కెర రేషను 1953 సెప్టెంబరులో ఎత్తివేశారు. వెంటనే చక్కెర వాడకం దాదాపు రెట్టింపు అయింది. రేషను రోజులలో కడుపున పడి, మొదటి రెండేళ్ళు చక్కెర తక్కువగా తిని పెరిగినవారికి, తరువాత పుట్టినవారికంటె షుగరు జబ్బు నూటికి 35 వంతులు తక్కువగా వచ్చిందని, వచ్చినవారికీ సుమారు నాలుగేళ్ళు ఆలస్యమైందని 2024లో ప్రకటించారు. రేషను ఎత్తిన నాటికీ, ఆ ముందటి నాటికీ ఇంగ్లీషువారి వంశాలు మారలేదు. ఇంట్లో చూలాలు వున్నప్పుడు, చంటిబిడ్డ నోట తేనె, చక్కెర నాకించబోయినప్పుడు ఈ లెక్క జ్ఞాపకం చేసుకోండి.

మా ఇంటి సంగతి చెప్తానన్నాను. మా నాయన, పెద్దనాయన పత్తికొండ వైపు మెట్ట వూళ్ళో పుట్టారు. నేను పుట్టే ముందు మా నాయన కాలవ క్రిందికి కౌలుకు వచ్చాడు. మూడుపూటలా అన్నం, రోజుకు ఆరు టీలు. 44 ఏళ్ళకు షుగరు బయటపడింది. వూళ్ళో మందులిచ్చే ఒకాయన “చక్కెర మానేయి, బెల్లమైతే పరవాలేదు” అన్నాడు. మా నాయన బెల్లం టీకి మారి, జబ్బు కుదిరిందనుకున్నాడు. బెల్లంలో కూడా అధికభాగం ఆ చక్కెరే, నెత్తురుకు రెండూ ఒకటే. మడిలో కాలికి ముల్లు దిగితే స్పర్శ తెలియలేదు, పదిరోజుల తరువాత చూచుకున్నాడు. రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. పెద్దనాయన సజ్జరొట్టెతో, గొర్రెల వెంట నడకతో మెట్టలోనే వుండిపోయాడు. ఆయనకు రాలేదని చెప్పగలిగితే కథ బాగుండేది. ఆయనకూ వచ్చింది, 66 ఏళ్ళకు. ఒక మాత్రతో నడుస్తున్నది, కాళ్ళు రెండూ వున్నవి. ఇరవైరెండేళ్ళ తేడా. కిందటి ఏడు కోవెలకుంట్ల నుంచి వచ్చిన తరువాత నేనూ పరగడుపున పరీక్ష చేయించుకున్నాను: 112. జబ్బు కాదు, గడప దగ్గర వున్నది.

గడప దగ్గర వున్నవారికి దారి వున్నది. చెన్నై డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన పరీక్షలో, మామూలుగా వదిలిన వారిలో మూడేళ్ళలో నూటికి 55 మందికి జబ్బు వచ్చింది. నడక, తిండి మార్చుకున్నవారిలో 39 మందికి. అందరికీ ఆగలేదు, నిజమే.

కొర్రలు తింటే పోతుందా అని ప్రతి వూళ్ళో అడుగుతారు. 1906లో మొదలైన మన నంద్యాల పరిశోధనా స్థానం నుంచే కృష్ణదేవరాయ, నరసింహరాయ, సూర్యనంది వంటి కొర్ర రకాలు వచ్చినవి. చిరుధాన్యాలు తిన్న తరువాత నెత్తురులో చక్కెర తెల్లబియ్యానికంటె నిదానంగా పెరుగుతుందని, పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 11 దేశాల పరిశోధనలను కూర్చి 2021లో చూపించారు. మందు మాత్రం కాదు. కుంభం కుంభం తింటే కొర్రన్నమూ అన్నమే. సగం బియ్యం వేసి మెత్తగా వుడికించిన రాగిసంగటి రెండు ముద్దలు మింగి, చిరుధాన్యం తిన్నామని తృప్తిపడవద్దు. పప్పు, ఆకుకూర ఎక్కువ, ముద్ద తక్కువ.

ఆ పెద్దాయన కొడుకు ఆ మధ్య శనగ విత్తనాలకోసం ఆఫీసుకు వచ్చాడు. 30 దాటినవారికి దగ్గరి ఆరోగ్యకేంద్రంలో షుగరు, రక్తపోటు పరీక్ష చేస్తారని చెప్పి పంపించాను. కట్టమీద నవ్విన కుర్రవాణ్ణి కూడా వెంటబెట్టుకొని వెళ్ళాడట. పెద్దాయన కొడుకుకు ఇంకా ఏమీ లేదు. “మా వంశంలో ఎవురికీ లేదు” అన్న కుర్రవాడికి 118. వాళ్ళ తాతలకు ఎవరైనా పరీక్ష చేసివుంటే గదా, వున్నదో లేదో తెలిసేది!